ఆరున్నరకు తగిలే చూపు

బట్టలు సరిచేసే కొట్టులో టేపక్క పని పొద్దున తొమ్మిదింటికి మొదలవుతుంది. లావెక్కినవాళ్ళ ప్యాంట్లు వదులు చెయ్యాలి, చిక్కినవాళ్ళ చొక్కాలు బిగించాలి, అక్క కోటు చెల్లికి సరిపెట్టాలి. కొలతల టేపు మెడలో ఎప్పుడూ వేలాడుతుంటుంది కాబట్టి వీధి వీధంతా టేపక్క అనేసింది. అసలు పేరు ఎవరూ అడగలేదు. ఆరు నెలల కిందట ఒక పిల్లతో, ఒక సంచితో బస్సు దిగినప్పుడు ఎందుకొచ్చావనీ అడగలేదు. పని వచ్చిన ఆడదాన్ని లోకం ఏమీ అడగదు. పని రానిదానికే పుట్టుపూర్వోత్తరాల పరీక్ష.

కుట్టు మధ్యలో ఒక్కోసారి ఆమె మిషను ఆపి చెంప తడుముకునేది.

"చూపు తగిలిందా?" అనేవాడు యజమాని, కళ్ళజోడు మీదుగా.

"ఆఁ. నా పెళ్ళి ఫోటో ఎవరో తీసి చూస్తున్నట్టున్నారు. చెంప మీద చల్లగా ఉంది."

"అయితే కాసేపాగు. చూపు ఒంటి మీదుండగా కత్తెర పట్టకు. పోయినసారి పాపం ఆ పెద్దమనిషి ప్యాంటు నిక్కరైంది."

ఆమె పుట్టింటి ఆడవాళ్ళకి తరతరాలుగా అంతే. వాళ్ళ ఫోటో ఎవరు ఎక్కడ చూసినా, ఫోటోలో చూపు ఎక్కడ ఆనుతుందో ఒంటి మీద సరిగ్గా ఆ చోట తెలుస్తుంది. ముక్కు చూస్తే ముక్కు మీద, కాలు చూస్తే కాలి మీద. "వెచ్చగా తగిలితే మనవాళ్ళు, చల్లగా తగిలితే పరాయివాళ్ళు" అని వాళ్ళమ్మ చెప్పేది. టేపక్క కూతురికీ అది వచ్చింది. ఏడేళ్ళ పిల్ల. గుండ్రటి మొహం, అందుకని గుండీ. బడిలో చేర్చినప్పుడు దరఖాస్తులో కళ్ళజోడు ఉందా, మందులేమైనా వాడుతుందా అన్న ప్రశ్నల కింద 'ఫోటో చూపు తగులుతుందా' అన్న గడి కూడా ఉంది. టీచరమ్మ అక్కడ టిక్కు పెట్టి తర్వాతి గడికి వెళ్ళిపోయింది.

రోజూ సాయంత్రం ఆరున్నరకు తల్లీకూతుళ్ళిద్దరికీ వెచ్చగా తగిలేది. తల్లికి నుదుటి మీద, పిల్లకి బుగ్గల మీద. ఫోన్లో తీసిన ప్రతి ఫోటో దానంతటదే బ్యాకప్ అకౌంట్లోకి పోయి కూర్చుంటుంది. అక్కడినుంచి వాళ్ళక్క కూడా చూసుకునేట్టు టేపక్క ఎప్పుడో ఏర్పాటు చేసింది. అందుకని ఆ వెచ్చదనం అక్కదే అనుకుంది. "పెద్దమ్మ ఆఫీసు నుంచొచ్చి టీ తాగుతూ నిన్నే చూస్తోందే," అని పిల్లకి చెప్పేది. పిల్ల బుగ్గలు ముందుకు పెట్టి కూర్చునేది. రెండు నెలలు ఇద్దరూ అలా కూర్చున్నారు, పొయ్యి ముందు పిల్లుల్లాగా.

ఒక సోమవారం గుండీ హోంవర్కు చేస్తూ అంది. "అమ్మా, పెద్దమ్మ ఇవాళ నా మొహం చూడట్లేదు. జేబు చూస్తోంది."

"ఏ జేబు?"

పిల్ల యూనిఫాం చొక్కా ఎడమ జేబు మీద వేలు పెట్టింది. అక్కడ బడి గుర్తు ఉంది. పడవ బొమ్మ, దాని చుట్టూ సన్నటి అక్షరాల్లో బడి పేరు, ఊరి పేరు.

టేపక్క అక్కకి ఫోన్ చేసింది. అదీ ఇదీ కాసేపు మాట్లాడి, నవ్వుతూనే అడిగింది. "రోజూ మొహాలు చూస్తావు, ఇవాళ పిల్ల జేబులో ఏం కనిపించిందే నీకు?"

"ఏం చూడటమే? నా ఫోను నీళ్ళ బకెట్లో పడి చచ్చి రెండు నెలలు దాటింది. ఇది బొత్తాల ఫోను. దీంట్లో ఫోటోలు కాదు కదా, నా గొంతే నాకు వినపడదు." అక్క మళ్ళీ పిలిచింది. "ఏమైందే? ఉన్నావా?"

ఉంది. గోడకి ఆనుకుని ఉంది.

పాత ఇంట్లో వంటగట్టు మీద ఒక ట్యాబ్ ఉండేది. గుండీ దాంట్లో కార్టూన్లు చూస్తూ తినేది. ఇల్లు విడిచిన రోజు టేపక్క సిమ్ము మార్చింది, ఊరు మార్చింది, జుట్టు కూడా కత్తిరించుకుంది. ఆ ఫోటోలన్నీ ట్యాబ్‌లోనూ కనిపిస్తాయని గుర్తు రాలేదు. ఆ బ్యాకప్ అకౌంటు తెరిచింది కూడా ఆమె మొగుడే, పెళ్ళైన కొత్తలో, తన నంబరుతో. "మనిద్దరికీ వేరువేరు ఎందుకు?" అన్నాడు. అప్పుడది ప్రేమలా వినిపించింది. అతను ఆరింటికి ఇంటికొస్తాడు. బూట్లు విప్పి, స్నానం చేసి, కుర్చీలో కూర్చునేసరికి ఆరున్నర.

కొట్టిన దెబ్బలు ఒంటికి గుర్తుంటాయి గానీ, మనసుకి గుర్తున్నది చివరి గొడవలో అతను చెయ్యెత్తకుండా, గొంతెత్తకుండా అన్న మాట. "పిల్లని నేను తీసుకుపోతా. నువ్వు ఫోటోలు చూసుకుని బతుకు." అతను చెప్పింది చేసే మనిషి. అతనిలో ఉన్న నిజాయితీ అదొక్కటే.

వెచ్చగా తగిలితే మనవాళ్ళట. ఆకలిగా చూసే చూపు కూడా వెచ్చగానే ఉంటుందని వాళ్ళమ్మ ఎప్పుడూ చెప్పలేదు. తెలియక కాదేమో. మన అమ్మలు తెలిసి మింగినవన్నీ కక్కితే సగం సామెతలు తిరగరాయాల్సి వస్తుంది.

ఆమె కుట్టు సుద్ద తీసింది. "వేడి ఎక్కడిదాకా ఉందో చెప్పు," అని పిల్ల వేలు తిరిగినంత మేరా జేబు చుట్టూ గీత గీసింది. టీకప్పు మూతంత ఉంది వలయం. టేపుతో కొలిచి, పుస్తకంలో రాసుకుంది.

మర్నాడు పొద్దున పడవ బొమ్మ కుట్లు విప్పేసి కొట్టుకి వెళ్ళింది. విప్పితే ఏం లాభం? ఫోటోలో ఉన్న జేబుకి కుట్లు విప్పే కత్తి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

కొట్టు పక్కనే పగిలిన ఫోన్ అద్దాలు మార్చే ఆవిడ ఉంది. వీధి ఆమెని పగుళ్ళమ్మ అంటుంది. నోరు పదును, చెయ్యి నిదానం. టేపక్క చెప్పిందంతా విని, చేతిలో స్క్రూలు అయస్కాంతం మీద పెట్టింది.

"ఆ ట్యాబ్‌ని ఇక్కణ్ణుంచే తీసేయొచ్చు కదా?" అని అడిగింది టేపక్క.

"తీసెయ్యి. ఆ క్షణం అతని నంబరుకి మెసేజ్ పోతుంది. అకౌంటు అతనిది. నిమిషంలో నిన్ను బయటికి గెంటి తలుపేస్తాడు. ఎన్ని ఫోటోలున్నాయి లోపల?"

"పదకొండు వేలు. పిల్ల పుట్టినప్పటినుంచీ. పోయిన మా అమ్మ కూడా అందులోనే ఉంది." ఆగి, మెల్లగా అంది. "నా వీపు ఫోటోలు కూడా. తేదీలతో. పిల్ల నా దగ్గరే ఉండాలంటే అవి కావాలన్నాడు లాయరు."

"అయితే వరస చెప్తా విను. ముందు కాపీ. తర్వాత ఖాళీ. ఆ తర్వాత బయటికి. వరస తప్పావో, ఉన్నదీ పోతుంది."

"పోనీ, ఆ జేబు ఫోటో ఒక్కటీ చెరిపేస్తే?"

"చెరిపితే నీకు తెలిసిపోయిందని అతనికి తెలుస్తుంది. దొంగని నేను చూశానోయ్ అని దొంగకే కబురు పెట్టే రకమా నువ్వు?"

"మరి కాపీ ఎక్కడ పెట్టాలి?"

"అందరూ గోతిలో పడేది అక్కడే. ఫోటోలు దాస్తామనే కంపెనీలు బోలెడు. ప్రతివాడూ తాళం వేస్తాననే అంటాడు. అడగాల్సింది తాళం సంగతి కాదు, తాళంచెవి ఎవరి దగ్గరుంటుందని. కొందరు నీ పెట్టె తీసుకెళ్ళి వాళ్ళింట్లో తాళం వేస్తారు. వేసేలోపు లోపలున్నవన్నీ తిరగేస్తారు. కొందరు నీ ముందే వేస్తారు, కానీ రెండో చెవి వాళ్ళ నడుముకి ఉంటుంది. అసలైనవాడు ఏం చేస్తాడంటే, నువ్వు నీ ఫోన్లోనే తాళం వేసి ఇచ్చిన పెట్టెని మోసుకెళ్ళి పెట్టుకుంటాడు. లోపలేముందో వాడికీ తెలీదు, వాడి బాబుకీ తెలీదు."

"ఎవరెలాంటివాళ్ళో తెలిసేదెట్లా?"

"షరతులు చదవాలి. నలభై పేజీలు. నేను ముగ్గురివీ చదివాను. చదివాక తల మీద తడిగుడ్డ వేసుకున్నాను."

టేపక్క కాసేపు కొట్టు అద్దంలోంచి వీధిలోకి చూసింది. ఒక మగమనిషి నడుచుకుంటూ పోయాడు. అతను కాదు. మళ్ళీ ఇంకొకడు. అతనూ కాదు.

"రంగు దిగే బట్టని మేము కాగితం చదివి పట్టుకోం," అంది. "ఒక మూల తడిపి, తెల్లగుడ్డ అద్ది చూస్తాం."

ఆ మధ్యాహ్నమే తడిపారు. పగుళ్ళమ్మ తన ఫోనుతో మూడు ఫోటోలు తీసింది. టేపక్క ఎడమ అరచెయ్యి, కుడి మడమ, మెడ వెనక. తీస్తున్నప్పుడు తన చూపు కూడా కలిసి లెక్క తప్పుతుందని టేపక్క కళ్ళు మూసుకుంది. అరచెయ్యి మొదటి కంపెనీకి, మడమ రెండోదానికి, మెడ మూడోదానికి. ఎక్కించి, ఫోన్లోంచి చెరిపేశారు. ఇక కనిపెట్టుకుని ఉండటమే.

మొదటి కంపెనీవాళ్ళ ప్రకటనలో ఒక ముసలి జంట నవ్వుతూ ఉంటుంది, మీ జ్ఞాపకాలు మాకు ప్రాణం అని. గంట తిరక్కుండా టేపక్క అరచేతిలో చీమలు పాకాయి. మనిషి చూపు కాదది, చల్లగా సన్నగా వందల చూపులు గీతగీతా కొలుస్తున్నాయి. సూది పట్టుకోలేక చెయ్యి నీళ్ళలో పెట్టుకుంది.

"యంత్రాలు," అంది పగుళ్ళమ్మ. "ప్రాణం అన్నప్పుడే అనుకున్నా."

ఆ సాయంత్రం ఆరున్నరకు జేబు మీది సుద్ద వలయం కోటు గుండీ అంతకి చిన్నదైంది. అతను ఫోటో పెద్దది చేసి చూస్తున్నాడు. ఎంత పెద్దది చేస్తే వేడి అంత చిన్న చోట పడుతుంది. పడవ దాటాడు, అక్షరాల దగ్గరికి వస్తున్నాడు. ఫోటో కొంచెం మసకగా పడింది, అదే ఇప్పటిదాకా కాపాడింది. ఎన్నాళ్ళు కాపాడుతుందో ఎవరికి తెలుసు?

బుధవారం నుంచి పిల్లని బడికి పంపలేదు. జ్వరమని కబురు చేసింది. గుండీ కొట్టులో బల్ల కింద కూర్చుని గుడ్డముక్కలతో ఆడుకునేది. తలుపు గంట మోగినప్పుడల్లా టేపక్క కత్తెర చేతిలోకి తీసుకునేది. బుధవారం వలయం చొక్కా గుండీ అంత.

గురువారం మూడింటికి కుడి మడమ మీద ఒక్క చూపు తగిలింది. మనిషిదే. గోరువెచ్చగా, విసుగ్గా, పనిలేనివాడి చూపులా. రెండు నిమిషాలుండి పోయింది.

"రెండో తాళంచెవి," అంది పగుళ్ళమ్మ.

మెడ వెనక మాత్రం ఏమీ లేదు. మూడు రోజులుగా ఏమీ లేదు. ఆ ఫోటో అసలు లోకంలో లేనట్టే ఉంది. టేపక్క అనుమానంతో ఒకసారి తానే తెరిచి చూసుకుంది. అప్పుడు తగిలింది. మూయగానే పోయింది.

"ఇదే," అంది.

"ఇదే. కానీ ఇది కనికరం లేని పెట్టె. పన్నెండు పదాలిస్తుంది. అవే తాళంచెవి. పోగొట్టుకున్నావా, నువ్వు వాళ్ళ కాళ్ళు పట్టుకున్నా తెరవలేరు. తెరవకూడదని కాదు, వాళ్ళ చేత కాదు. పదకొండు వేలూ ఉన్నచోటే చచ్చిపోతాయి."

టేపక్క చిన్నప్పటినుంచీ తాళంచెవులు పారేసుకునే మనిషి. అతను దానికి కూడా కొట్టాడు.

"నీకు చెప్పి ఉంచనా అక్కా ఆ పదాలు?"

పగుళ్ళమ్మ నిజంగానే చెవులు మూసుకుంది. "నాకొద్దు. నేను మంచిదాన్నే. కానీ మంచిదాన్ని కూడా మెడ పట్టుకుని అడగొచ్చు."

టేపక్క ఆ పన్నెండు పదాలూ తన కోటు లైనింగు లోపల తెల్లదారంతో తెల్లగుడ్డ మీద కుట్టుకుంది. మిషను చప్పుడుతో కలిపి వల్లె వేసింది. కాపీ మొదలైంది. పదకొండు వేల ఫోటోలు, ఆ వీధి ఇంటర్నెట్టు, ఆదివారందాకా పడుతుందని చూపించింది ఫోను. గురువారం సాయంత్రం వలయం గుండుసూది తలంత. సుద్దతో గియ్యడానికి కూడా చోటు లేదు, చుక్క పెట్టింది.

ఆదివారందాకా అతను ఆగడు. ఆమెకి తెలుసు.

శుక్రవారం పొద్దున కొట్టులో పాత రేకుడబ్బా బోర్లించింది. యూనిఫాంలు సరిచేసేటప్పుడు మిగిలిపోయిన బడి గుర్తులన్నీ అందులో పడేస్తారు. ఒక్కొక్కటీ యజమానికి చూపించింది. "ఇది ఏ బడి? ఇంకా నడుస్తోందా?"

"నడుస్తోంది. పిల్లలు కిటకిట."

అది పక్కన పెట్టేసింది. ఇంకొకరి పిల్లల గుమ్మం ముందుకి ఆ మనిషిని పంపదు. తొమ్మిదోది చక్రం బొమ్మ, పెద్ద పెద్ద అక్షరాలు.

"అదా? అది మూతపడి ఎనిమిదేళ్ళు. ఇప్పుడక్కడ పాత టైర్లు పెట్టుకున్నారు. చాలా దూరంలే, పగలంతా ప్రయాణం. ఆ గుర్తు జేబు మీద కాదు, కుడి చేతి మీద కుట్టేవాళ్ళు." ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "దారం నీలం వెయ్యి. వాళ్ళది నీలమే."

ఏమిటి, ఎందుకు అని అడగలేదు. ముసలాళ్ళలో ఇలాంటివాళ్ళు ఒకరిద్దరుంటారు, అందుకే లోకం ఇంకా కుట్లు ఊడిపోకుండా ఉంది.

మధ్యాహ్నానికి కొత్త చొక్కా తయారైంది. గుండీని కిటికీ వెలుతురులో నిలబెట్టి, చక్రం మీది ప్రతి అక్షరమూ కనపడేట్టు ఫోటో తీసి, పాత అకౌంట్లోకే వదిలింది. పిల్లని తన చేత్తో తోడేలు ముందు నిలబెట్టినట్టుంది.

ఆరున్నర. గుండీ బల్ల దగ్గర కూర్చుంది. మొదట వేలు ఎడమ జేబు మీదికే పోయింది, నిన్నటి చుక్క మీదికే. తర్వాత పిల్ల తల పక్కకి వంచింది.

"కదులుతోందమ్మా. మెడ మీదికొచ్చింది. భుజం. ఇదిగో, ఇక్కడ."

కుడి చెయ్యి, చక్రం కుట్టినచోట. చాలాసేపు అక్కడే ఉంది. మసకగా ఉన్న పాత గుర్తుకీ స్పష్టంగా ఉన్న కొత్త గుర్తుకీ మధ్య అతను రెండుసార్లు వెనక్కి పోయాడు.

"పెద్దమ్మకి నా కొత్త చొక్కా నచ్చింది," అంది గుండీ.

శనివారమూ చెయ్యే. ఆదివారం కాపీ పూర్తయింది. సరిగా వచ్చాయో లేదో చూద్దామని వీపు ఫోటో ఒకటి తెరిచింది. తన దెబ్బలు తనే చూసుకుంటే చూపు వెచ్చగానూ ఉండదు, చల్లగానూ ఉండదు. నొప్పిగా ఉంటుంది. వెంటనే మూసేసింది.

ఖాళీ చెయ్యడానికి సిద్ధపడుతుంటే పగుళ్ళమ్మ చెయ్యి పట్టుకుంది. "నొక్కిన మరుక్షణం అతనికి తెలుస్తుంది. అప్పుడతను ఎక్కడుండాలో నువ్వే ఆలోచించుకో."

ఆ సాయంత్రం ఆరున్నరకు ఏ చూపూ తగల్లేదు. ఏడు. ఏడున్నర. గుండీ బుగ్గలు, జేబు, చెయ్యి అన్నీ తడిమి చూసుకుని, "ఇవాళ పెద్దమ్మ రాలేదు," అంది. చూపు తగిలితే భయం అనుకుంది టేపక్క ఈ వారమంతా. తగలకపోవడం ఇంకా పెద్ద భయమని అప్పుడు తెలిసింది. చూడాల్సింది చూసేశాడు. బయల్దేరాడు. పడవ కోసమా, చక్రం కోసమా?

సోమవారం ఎనిమిదింటికే పగుళ్ళమ్మ తన కొట్టు మూసి, అతను వస్తే ఫోన్ చెయ్యడానికి పడవ బొమ్మ బడి గేటు దగ్గర నిలబడింది. టేపక్క కొట్టు షట్టరు సగం దించి, లోపలి గదిలో పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఎనిమిదింబావు. ఎనిమిదిన్నర. బళ్ళు తెరిచే వేళ. వీధిలో అడుగుల చప్పుడు వచ్చి, షట్టరు ముందు ఆగింది. ఆగి, వెళ్ళిపోయింది. ఎవరిదో తెలీదు. ఫోను మోగలేదు.

"అమ్మా," అంది గుండీ. "చెయ్యి మీద పడుతోంది."

"చక్రం మీదేనా?"

"ఆఁ. పోయింది." కాసేపాగి, "మళ్ళీ పడింది. పోయింది. పడుతోంది, పోతోంది. ఇదేంటమ్మా, పెద్దమ్మ ఆడుకుంటోందా?"

టేపక్కకి కళ్ళ ముందు కట్టినట్టు కనిపించింది. పగలంతా ప్రయాణమంత దూరంలో, తాళం వేసిన గేటు ముందు ఒక మనిషి. చేతిలో ఫోను. చక్రం వంక చూస్తాడు, తలెత్తి గేటు వంక చూస్తాడు. మళ్ళీ చక్రం, మళ్ళీ గేటు. లోపల పాత టైర్లు.

ఆమె ఫోను తీసింది. పదకొండు వేలూ ఎంచి, చెరిపెయ్యమంది. ఖచ్చితంగానా అని అడిగింది ఫోను. అవును. వెనక్కి రావు, సరేనా? సరే. ఇంకోసారి ఆలోచించుకుంటారా? జీవితంలో ఆమెని ఇంత మర్యాదగా ఎవరూ ఇన్నిసార్లు అడగలేదు. అక్కర్లేదు అని నొక్కింది. చెత్తబుట్ట ఖాళీ చేసింది. ఆ అకౌంటనే ఇంట్లోంచి బయటికొచ్చింది.

"ఆగిపోయిందమ్మా," అంది గుండీ, చెయ్యి రుద్దుకుంటూ.

ఆ మసక ఫోటోని అతను ముందే ఎక్కడైనా దాచుకున్నాడేమో. ఆ భయం పోలేదు, అంత తేలిగ్గా పోదు కూడా. చాలా సాయంత్రాలు ఆరున్నరకు టేపక్క పని ఆపి పిల్ల ఎడమ జేబు వైపే చూస్తూ కూర్చుంది. వేలు అటు పోలేదు. బడి మార్పించింది, ఇల్లు మార్చింది. లాయరుకి వీపు ఫోటోలు కాగితం మీద అచ్చువేసి ఇచ్చింది. ఆయన చూసినప్పుడు చల్లగా తగిలింది, జడ్జి చూసినప్పుడు ఇంకా చల్లగా. ఆ చలిని మాత్రం ఆమె కోరి భరించింది. పిల్ల తల్లి దగ్గరే ఉండాలన్నారు.

ఒక సాయంత్రం గుండీ లోపలి గదిలో కూడికలు చేసుకుంటోంది. ఇవతల టేపక్క తలుపు గొళ్ళెం రెండోసారి చూసొచ్చి, కూర్చుని, పన్నెండు పదాలూ తప్పు లేకుండా కొట్టింది. పెట్టె తెరుచుకుంది. మొట్టమొదటి ఫోటో తీసింది. పుట్టి రెండు గంటలైన పిల్ల, దుప్పట్లోంచి బయటికొచ్చిన ఒక్క అరికాలు. చాలాసేపు చూసింది.

"అమ్మా," అంది గుండీ లోపల్నుంచి, తల ఎత్తకుండానే. "కాలు చూడకు. లెక్క తప్పుతోంది."